నాన్న షాపు ల్యాప్‌టాప్‌కి మింటా, డెబియనా?

నాగావళి_గట్టు
నాన్నకి ఆమదాలవలసలో జాబ్ టైపింగ్ షాపు. ల్యాప్‌టాప్ ఐదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, 11 ఈ మిషనుకి ఎక్కదంటోంది. ఆదివారం వచ్చి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి, రాత్రి బండికి విశాఖ వెళ్లిపోవాలి. నాకూ ఇదే మొదటిసారి. లినక్స్ రకాల్లో మింట్, డెబియన్ అని రెండు చెప్తున్నారు, ఏది వెయ్యమంటారు?

రాజాం_మాస్టారు
మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ ఉన్నది. 4 జీబీకి సరిపోతుంది. స్టార్ట్ మెనూ విండోస్‌లాగే ఎడమ మూల ఉంటుంది, మీ నాన్నగారు వెతుక్కోక్కర్లేదు. ముందు పెన్‌డ్రైవ్ మీంచే నడిపి వైఫై, సౌండు, ప్రింటరు చూడండి. అవి పనిచేశాకే ఇన్‌స్టాల్ నొక్కండి. అంతకంటే ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసుకోండి. సిస్టమ్‌ని ఉన్నదున్నట్టు దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ పెట్టుకుంటే అప్‌డేట్ చెడినా వెనక్కి వెళ్లొచ్చు.

బొబ్బిలి_రూట్
మింట్ నిలబడేది ఉబుంటు మీద, ఉబుంటు నిలబడేది డెబియన్ మీద. చెట్టు ఉండగా కొమ్మ పట్టుకు వేలాడ్డం దేనికి? డెబియన్ వేస్తే ఏళ్లతరబడి చెక్కుచెదరదు.

రాజాం_మాస్టారు
2019లో డెబియన్ 10 వేసుకుని వైఫై లేక కూర్చున్నాను. వైఫై చిప్పు నడవడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ వేరే కంప్యూటర్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాల్సి వచ్చింది. కొత్తవాళ్లకి చెప్పే సలహాయేనా ఇది?

బొబ్బిలి_రూట్
ఆ గోల 2023 జూన్‌తో పోయింది మాస్టారూ. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. మీరింకా 2019లోనే ఉన్నారు.

రాజాం_మాస్టారు
బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్పుల్లో కొన్నిటికి ఇప్పటికీ డ్రైవరు విడిగా తెచ్చుకోవాలి. తెలిసి మాట్లాడండి.

బొబ్బిలి_రూట్
ఆయన ల్యాప్‌టాప్‌లో బ్రాడ్‌కామ్ ఉందని మీకెవరు చెప్పారు?

పలాస_జీడి
ముందు హార్డ్‌డిస్కు బదులు ఎస్ఎస్‌డీ ఎయ్యు బావూ. తరవాత ఏదేసినా పరిగెడతాది.

కోట_జంక్షన్
మాది విజయనగరంలో జెరాక్సు షాపు. మూడేళ్ల కిందట మా మరిదిగారు ఇలాగే ఆదివారం వచ్చి లినక్స్ వేసి హైదరాబాదు వెళ్లిపోయారు. గురువారం ప్రింటరు ఆగింది. ఫోన్ చేస్తే ‘టెర్మినల్ తెరువు వదినా’ అంటారు. ఎదురుగా హాల్‌టికెట్లకి పిల్లలు క్యూలో ఉంటే నేను టెర్మినల్ ఎక్కడని వెతకను?

బొబ్బిలి_రూట్
ప్రింటరు కంపెనీ డ్రైవరు ఇవ్వకపోతే లినక్స్ ఏం చేస్తుందండీ?

కోట_జంక్షన్
లినక్స్‌ని ఎవరన్నారు! వేసి రాత్రి బండెక్కేవాళ్ల గురించి చెప్తున్నాను. ఇంతసేపూ మింటా డెబియనా అని కొట్టుకున్నారు, ఆ పెద్దాయన దానిమీద ఏం పనిచేస్తారో ఒక్కరైనా అడిగారా?

రాజాం_మాస్టారు
...నేనూ అడగలేదు. మా నాన్న షాపుకి వేసినప్పుడూ అడగలేదులెండి.

నాగావళి_గట్టు
ఇప్పుడే ఫోన్ చేశాను. అర్జీలన్నీ అను అనే తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్‌లో కొడతారట, పదేళ్ల ఫైళ్లున్నాయట. ‘నువ్వేసి ఎల్లిపోతే సోమవారం నానేటి సెయ్యాల్రా?’ అన్నారు.

రాజాం_మాస్టారు
అయితే ఆగండి. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని మిషన్లూ ఒకేలా చదివే అక్షరాల కోడు కాదు. ఆ ఫైళ్లు ఆ ఫాంట్లు లేని లినక్స్‌లో తెరిస్తే తెలుగుండదు, పిచ్చి గుర్తులొస్తాయి. కొత్తవి యూనికోడ్‌లో కొట్టుకోవచ్చు గాని, చేతికి అలవాటైన కీబోర్డు మార్చుకోమని ఆ వయసులో ఎలా చెప్తాం?

బొబ్బిలి_రూట్
విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ ఉంది, అను అందులో నడుస్తుందేమో.

కోట_జంక్షన్
మీరు నడిపి చూశారా?

బొబ్బిలి_రూట్
లేదు.

నాగావళి_గట్టు
ఆ మిషను జోలికి వెళ్లను. నెట్ తీసేసి టైపింగుకే ఉంచుతాను. మెయిళ్లకి ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది, దానిమీద మింట్ నేర్చుకుంటాను. ఆదివారం ఉండిపోయి సోమవారం షాపులో కూర్చుంటాను, సెలవు పెట్టాను.

బొబ్బిలి_రూట్
డెస్క్‌టాప్‌కైతే డెబియన్ వెయ్యొచ్చుగా?