జానపదాలతో పిలకాయల చేత సొంతంగా పాడించడం ఎట్టా?

ఒంగోలు_పాఠం:
ఆరు, ఏడు తరగతులు. సెక్షన్‌కి 38 మంది, వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. గొబ్బి పాటలు, కోలాటం పాటలు, అలివి వల లాగేటప్పటి హైలెస్సా పాటలు పిలకాయలకు ఇంటి దగ్గరే వచ్చు. గొంతెత్తి పాడతారు. "దీన్నే నీకు తోచినట్టు మార్చి పాడు" అంటే మాత్రం నోరు మెదపరు. ధైర్యం చేసిన ఒకరిద్దరు సినిమా పాట ముక్క తెచ్చి అతికిస్తారు. కర్ణాటక పద్ధతిలో వర్ణాలు, కీర్తనలు వచ్చాక గానీ మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడటం) జోలికి పోము. జానపదంతో అయితే ముందే మొదలుపెట్టొచ్చని నా నమ్మకం. ఎట్టాంటి పాట తీసుకోవాలి, శృతి ఎంత పెట్టాలి, ఏ వరసలో నడపాలి? హార్మోనియం, డప్పు ఉన్నాయి.

పెన్నా_గట్టు:
"తోచినట్టు పాడు" అన్నప్పుడే పిల్లోడికి ఏమీ తోచదండీ. ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో, ఏ స్వరం మీద దిగాలో అన్నీ ఒక్కసారే తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకే వాడికి ఇచ్చేది చిన్న ఖాళీ అయ్యుండాలి, దానికి ముందూ వెనకా అందరూ పాడే పల్లవి ఉండాలి. నాట్లేసేటప్పుడు జరిగేది ఇదే గదా. ముందు పాడే ఆమె కొత్త మాట కలుపుతుంది, మిగతావాళ్లు వంత అందుకుంటారు. వంత ఎటూ వస్తుంది కాబట్టి ఆమెకు బెదురుండదు.

పల్లవి నాలుగు దెబ్బలు, ఖాళీ నాలుగు దెబ్బలు. నిమిషానికి 96 దెబ్బల నడకలో ఒక్కొక్కరికి 5 సెకన్లు పడుతుంది. 38 మందీ వరసగా పాడినా 3 నిమిషాల 10 సెకన్లే, అంటే పీరియడ్‌లో రెండు చుట్లు తేలిగ్గా పడతాయి. నిలబెట్టి పేరు పిలవొద్దు. గుండ్రంగా కూర్చోబెట్టి వంతు తనంతట తనే తిరిగేటట్టు చూడండి. పేరు పిలిస్తే అది పరీక్ష అయిపోతుంది.

మొదటి రెండు వారాలు ఖాళీలో ఒక్క స్వరమే, షడ్జమం (స). మారేది లయ ఒక్కటే: "తాన తన్నన", "తన తన తాన" అని ఎట్టాగైనా సరే, నాలుగో దెబ్బ దాటకూడదు. ఇదేం సంగీతం అనిపిస్తుంది గానీ కాలం కుదిరేది ఇక్కడే. ఆ తర్వాత స-రి, ఆ తర్వాత స-రి-గ. ప, ద ఇచ్చేది కనీసం ఐదో వారంలో. తొందరపడి ఐదూ ఒకేసారి ఇస్తే పిల్లలు మెట్లెక్కి దిగినట్టు సరిగపద-దపగరిస అంటారు, ఇంక ఆ అలవాటు వదిలించడం కష్టం. సినిమా ముక్కలు వచ్చేది కూడా ఖాళీ పెద్దదైనప్పుడే. నాలుగు దెబ్బల్లో, రెండు స్వరాల్లో ఏ సినిమా పాటా ఇమడదు.

ఇంకో సంగతి. ఒకరిని "శభాష్" అన్నారంటే తర్వాతి పదిమందీ అదే పాడతారు. చుట్టు పూర్తయ్యేదాకా ఎవరినీ మెచ్చుకోవద్దు.

తంబురా_గూడూరు:
పైన చెప్పినదానికి ఒప్పుకుంటాను, రెండు మాటలు కలుపుతాను.

హార్మోనియం పక్కన పెట్టండి. పల్లె పాటల్లో గాంధారం (గ) చాలాసార్లు మెట్టుకీ మెట్టుకీ నడుమ పలుకుతుంది. హార్మోనియం దాన్ని పట్టి ఒక మెట్టు మీద కూర్చోబెడుతుంది. పైగా వేళ్లు ముందు నడిస్తే పిల్లలు వాటి వెనక నడుస్తారు, సొంతంగా వెతుక్కోరు. ఫోన్‌లో తంబురా యాప్, ఒక చిన్న స్పీకరు చాలు.

శృతి దగ్గర చాలామంది పొరపడతారు. ఆడవాళ్లు కర్ణాటక పాఠానికి ఐదు (G), ఐదున్నర (G#) పెట్టుకునేది తారస్థాయిలోకి, అంటే పై స్థాయిలోకి, పోవాలి కాబట్టి. ఐదు స్వరాల్లోనే తిరిగే పాటకు అదే పెడితే పాటంతా పిల్లల గొంతు అడుగున పడిపోతుంది. అప్పుడు వాళ్లు మాట్లాడే గొంతుతోనే అరుస్తారు. పదకొండు, పన్నెండేళ్లవాళ్లకు మధ్యస్థాయి ఒకటిన్నర (C#), రెండు (D) మీద పెట్టండి. డప్పు మోగేటప్పుడు ఎవరూ ఒంటరిగా పాడకూడదు. పల్లవికి డప్పు, ఖాళీకి చప్పట్లు. లేకపోతే డప్పుతో పోటీపడి గొంతు రాచుకుపోతుంది.

పాట ఎంపికకు వస్తే, మోహన రాగం (స-రి-గ-ప-ద) పోలిక ఉన్న బాణీ మొదట తీసుకోండి. మ, ని లేవు కాబట్టి పక్కపక్కన అరస్వరం తగలదు, ఏది పాడినా చెవికి గుచ్చుకోదు. జర్మనీ సంగీతకర్త కార్ల్ ఓర్ఫ్ పిల్లల వాయిద్యాల్లో ఆ రెండు పలకలూ తీసేయించింది ఇందుకే. హంగరీలో సంగీతకర్త జోల్తాన్ కొడాయ్ (1882–1967) కూడా పాఠాన్ని సొంత పల్లెపాటల్లోంచే కట్టాడు. అయితే మోహనం దగ్గరే ఏడాదంతా ఆగిపోకండి. తప్పు వినబడని చోట చెవి పెరగదు.

సువ్వి_పాట:
మాట గురించి ఎవరూ ఎత్తలేదు. పాటలోని "ఎట్టా"ని దిద్ది "ఎలా" చేయొద్దు. ఈ వరస చూడండి, పాఠం కోసం కట్టిందే:

ఎట్టా వస్తివి ఏటికి అడ్డం

ఒక్కో మాటకు నాలుగు మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు), మొత్తం 16. "ఎలా" అంటే మూడే. ఆ ఒక్క మాత్ర పూడ్చడానికి పిల్లలు "ఎ"ని సాగదీస్తారు, అక్కడ నడక కుంటుతుంది. తాళం తప్పిందని పిల్లల్ని అంటాం గానీ తప్పు దిద్దినవాళ్లది.

స్వరాల ఆట కుదిరాక ఇదే వరసతో నెరవల్ (ఒకే వరసను స్వరాలు మార్చి మార్చి పాడటం) మొదలుపెట్టొచ్చు. "ఎట్టా" మొదటి దెబ్బ, "వస్తివి" రెండు, "ఏటికి" మూడు, "అడ్డం" నాలుగు. మాటలు వాటి చోట్ల నుంచి కదలకూడదు, స్వరాలు మాత్రం మారతాయి. మొదట ఒక్క "అడ్డం" మీదే మార్చమనండి. అది వచ్చాక "ఏటికి అడ్డం" మీద. వెనక నుంచి ముందుకు రావాలి. ముందు నుంచి మారిస్తే మొదటి దెబ్బ దగ్గరే తడబడి వరసంతా పోతుంది.

తర్వాత ప్రశ్న-జవాబు. అడిగేవాళ్లు పంచమం (ప) మీదో రిషభం (రి) మీదో ఆపాలి, చెప్పేవాళ్లు షడ్జమానికి రావాలి. అట్టా దిగితే మాట పూర్తయినట్టు పిల్లలకే తెలుస్తుంది. జవాబు మాటలు కూడా వాళ్లనే కట్టనివ్వండి: "మోకాల్లోతే నీళ్లుండాయీ". చివరి అక్షరం సాగదీస్తే 16 సరిపోతుంది. అయితే కొత్త మాట, కొత్త స్వరం ఒకే రోజు పెట్టకండి. మాట వెతుక్కునే పిల్లోడు ఒక్క స్వరం మీదే వల్లిస్తాడు.

ఒంగోలు_పాఠం:
మూడు నాలుగు చుట్లయ్యేసరికి నడక పెరిగిపోతోంది, శృతి దిగిపోతోంది. ఏడో తరగతిలో గొంతు మారుతున్న మగపిల్లలు నలుగురున్నారు, వాళ్లు అసలు పాడరు. వాళ్లనేం చేయాలి?

తంబురా_గూడూరు:
నడక పెరిగేది చప్పట్ల వల్ల. రెండు చేతులతో కాకుండా రెండు వేళ్లతో అరచేతి మీద కొట్టించండి, సగం తగ్గుతుంది. శృతి దిగేది ఊపిరి చాలక. వరస చివరి అక్షరం దగ్గర గాలి అయిపోతుంది. పల్లవి చివర ఒక దెబ్బ ఖాళీ వదిలి అందరిచేతా ఊపిరి తీయించండి. రెండు చుట్లకోసారి పాట ఆపి, తంబురా విని, నోరు మూసుకుని "మ్" అంటూ షడ్జమం కలపమనండి.

ఆ నలుగురికీ కింది షడ్జమం, లేదంటే కింది పంచమం ఇచ్చి "హైలెస్సా" ఒక్కటే అనిపించండి. పాట కింద తంబురాలాగా ఆ మాట నడుస్తుంది. వంతు వచ్చినప్పుడు స్వరం మార్చక్కర్లేదు, లయ మార్చితే చాలు. పైకి పాడమని బలవంతం చేయొద్దు, గొంతు చీలుతుంది. ఎవరి షడ్జమం ఎక్కడికి దిగిందో నెలకోసారి విడిగా పిలిచి చూసుకోండి.