డౌన్‌టెంపో ఆల్బమ్: కూర్చుని వినాలా, పక్కన మోగుతుంటే చాలా?

చెవులపిల్లి:
నాలుగు రోజులుగా ఎయిర్ అనే ఇద్దరు సభ్యుల ఫ్రెంచ్ బృందం వాళ్ల ‘మూన్ సఫారీ’ (1998) వింటున్నాను. డౌన్‌టెంపో, అంటే నెమ్మది బీట్ మీద నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం. మొదటి ట్రాకే ఏడు నిమిషాలు, మాటల్లేవు. బేస్ గిటార్ ఒకే వరసను తిప్పి తిప్పి వాయిస్తుంటే పైన కీబోర్డులు మెల్లగా మారుతుంటాయి. హాయిగా ఉంది, కాదనను. కానీ ఈ హాయి సంగీతం గొప్పదనమా, లేక నేను అలసిపోయి ఉండటం వల్లా? నెమ్మదిగా ఏది మోగినా ఇలాగే ఉంటుంది కదా. పని చేసుకుంటుంటే పక్కన మోగడానికి బాగుంటుంది. గొప్ప ఆల్బమ్ అంటే మాత్రం నాకు మింగుడుపడటం లేదు.

నిద్రపట్టనోడు:
పక్కన మోగడం అంటే అంత చిన్నచూపు ఎందుకండీ? 1975లో బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో యాక్సిడెంట్ అయి మంచం మీద ఉన్నాడు. స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు ఒకటి తెచ్చిచ్చింది. తంటాలు పడి దాన్ని పెట్టుకుని వచ్చి పడుకున్నాక చూస్తే సౌండ్ మరీ తక్కువ, పైగా స్టీరియోలో ఒక చానల్ పలకడం లేదు. మళ్లీ లేచే ఓపిక లేక అలాగే విన్నాడు. గదిలో వెలుతురు, వాన చప్పుడు లాగే సంగీతం కూడా పరిసరాల్లో కలిసిపోవచ్చని అప్పుడే తట్టిందని ఆయనే రాసుకున్నాడు. 1978లో ‘యాంబియంట్’ అని పేరు పెట్టి ఆల్బమ్ తెచ్చినప్పుడు ఆయన కోరింది రెండూ: పట్టించుకోకపోయినా ఫరవాలేదు అన్నట్టుండాలి, చెవి పెడితే ఆసక్తిగానూ ఉండాలి. డౌన్‌టెంపో దానికి దగ్గరి చుట్టమే, బీట్ అదనం. ఆ రెండోది లేని ఆల్బమ్ అయితే మీ మాటే కరెక్టు, దానికన్నా ఫ్యాన్ చప్పుడు నయం.

అర్ధరాత్రి రేడియో:
1980ల చివర లండన్ క్లబ్బుల్లో డ్యాన్స్ చేసి అలసినవాళ్ల కోసం చిల్‌అవుట్ గది విడిగా ఉండేది. ఈ సంగీతం పెరిగింది అలాంటి చోటే. సేదతీరడానికి పుట్టినదాన్ని సేదతీరుస్తోందని తప్పుపట్టడం న్యాయం కాదు.

బేస్‌లైన్:
నేను ఇంట్లో ట్రాకులు చేసుకుంటాను, ఆ వైపు నుంచి చెబుతా. క్లబ్బుల్లో డ్యాన్స్‌కి వాయించే హౌస్ సంగీతం నిమిషానికి 125 బీట్ల దగ్గర నడుస్తుంది, అంటే బీటుకీ బీటుకీ మధ్య అర సెకను కూడా ఉండదు. డౌన్‌టెంపోలో 75 పెడితే 0.8 సెకను. ఆ ఖాళీలో స్నేర్ డ్రమ్ము దెబ్బ తర్వాత మిగిలే గది ప్రతిధ్వని, మెల్లగా ఉబ్బే సింథ్ (సింథసైజర్) స్వరం, అన్నీ బయటపడిపోతాయి. పొరపాటు చేస్తే దాక్కునే చోటుండదు. నా ట్రాకుల్లో సగం అక్కడే దొరికిపోతాయి.

‘ఏ నెమ్మది చప్పుడైనా ఒకటే’ అన్నారు కదా, బోర్డ్స్ ఆఫ్ కెనడా అనే స్కాటిష్ బృందం 1998 ఆల్బమ్‌లో ‘ది కలర్ ఆఫ్ ది ఫైర్’ వినండి. ఒక చిన్నపిల్ల గొంతు ‘ఐ లవ్ యూ’ అనడానికి ముక్కలు ముక్కలుగా, తడబడుతూ ప్రయత్నిస్తుంటుంది. కింద సింథ్ సాగిపోయిన పాత క్యాసెట్‌లా శ్రుతి కొంచెం అటూఇటూ ఊగుతుంది. అది వస్తుంటే నా చేతిలో పని ఆగిపోతుంది.

చెవులపిల్లి:
ఆ పిల్ల గొంతు విన్నాను. మనసులో గుచ్చుకుంది, ఒప్పుకుంటాను. కానీ ‘ప్రశాంతత’ అని పేరు పెట్టి వదిలే ప్లేలిస్టులు చూడండి, ఏది ఎవరిదో తేడానే తెలియదు.

నిద్రపట్టనోడు:
అది ప్లేలిస్టు తప్పు, దాన్ని ఆల్బమ్ నెత్తిన రుద్దకండి. ‘మూన్ సఫారీ’నే తీసుకోండి. మొదట మాటల్లేని ఏడు నిమిషాలు, రెండో ట్రాకులో యంత్రంలోంచి వచ్చినట్టు మార్చేసిన గొంతులు, మూడో దాంట్లో బెత్ హర్ష్ మామూలుగా, దగ్గర కూర్చుని పాడినట్టు పాడుతుంది. అంతసేపు ఆగాక వచ్చిన మనిషి గొంతు కాబట్టే అంత వెచ్చగా ఉంటుంది. షఫుల్‌లో పెడితే ఆ ఎదురుచూపు పోతుంది. ఒక్కసారి ఫోన్ పక్కన పడేసి వరసగా వినండి.

చెవులపిల్లి:
విన్నాను, లైట్లు ఆపి. మూడో ట్రాకు దగ్గర మీరన్నది నిజమే. ఇంకో సంగతి, మొదటి ట్రాకులో చప్పట్లు ఉన్నాయని నాలుగు రోజులు విన్నా ఇవాళ్టిదాకా గమనించలేదు. రెండో సగం మాత్రం నాకు ఇంకా వాల్‌పేపర్‌లాగే ఉంది. రేపు అక్కడి నుంచే మొదలుపెడతా.