విదేశంలో ఇంగ్లీషు పాఠాలు: క్లాసులో మౌనం, స్టాఫ్‌రూములో అయోమయం. తట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
వేరే దేశంలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. మొదట్లో అంతా ముచ్చటగా ఉండేది, రెండో నెల దాటాక ప్రతిదానికీ చిరాకే. ఏం అడిగినా క్లాసు నోరు విప్పదు. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు, తీరా రాయమంటే ఖాళీ కాగితాలు. తోటి టీచర్లు దేనికీ కాదనరు, కానీ పని జరగదు. ఏం చేయాలి?

జవాబు 1:
ముందు ఆ మౌనం సంగతి చూడండి. అది మీ మీద అయిష్టం కాకపోవచ్చు. పదిమందిలో తప్పు చెప్పడం నామోషీ అనుకునే చోట పిల్లలు నోరు కట్టేసుకుంటారు. "అర్థం కాలేదు" అంటే టీచర్‌ని తప్పుపట్టినట్టవుతుందనీ జంకుతారు. కాబట్టి "అర్థమైందా?" మానేయండి. "హీ హాజ్ లివ్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" నేర్పితే, "ఇప్పటికీ ఇక్కడే ఉంటున్నాడా? వచ్చి ఎన్నాళ్లయింది?" అని అడగండి. ఎక్కడ తికమకపడుతున్నారో వెంటనే తేలిపోతుంది.

ప్రశ్న వేశాక ఆగడం కూడా ముఖ్యం. టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, 3 సెకన్లు ఆగితే జవాబులు నిడివిగా వస్తాయనీ 1970ల్లో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో సైన్సు క్లాసుల్లో గమనించారు. పరాయి భాషలో ఇంకా ఎక్కువే పడుతుంది.

జవాబు 2:
తోటి టీచర్ల విషయంలో: "చూద్దాం", "కాస్త కష్టమే" అంటే చాలాచోట్ల కాదనే. మీటింగులో అందరి ముందు అడక్కండి. విడిగా కలిసి, "మంగళవారం వీలవుతుందా, గురువారమా?" అని అడగండి. పాఠం ప్లాను ఒక్క పేజీలో రాసి ముందురోజే ఇవ్వండి. పిల్లల ఎదుట వాళ్ల ఇంగ్లీషు మాత్రం ఎప్పుడూ దిద్దొద్దు, ఆ ఒక్క పనితో నెలల సఖ్యత పోతుంది.

ప్రశ్న వేసినవారు:
40 మంది క్లాసులో అలా ఆగితే గోల మొదలవదా?

జవాబు 1:
ఊరికే ఆగితే మొదలవుతుంది. ఒక నిమిషం నోట్‌బుక్‌లో రాసుకోమనండి, రెండు నిమిషాలు పక్కవాళ్లతో సరిచూసుకోనివ్వండి, తర్వాత జంటకు ఒకరు చెప్పాలి. అప్పుడు తప్పు ఏ ఒక్కరి మీదా పడదు.

జవాబు 3:
ఆ చిరాకు మామూలే. కొత్త దేశానికి వెళ్లినవాళ్లకు నాలుగు దశలుంటాయని, అవి మోజు, సంక్షోభం, కోలుకోవడం, సర్దుకోవడం అని మానవశాస్త్రవేత్త కలెర్వో ఒబెర్గ్ 1960లోనే రాశారు. అందరికీ అదే వరుసలో రాదు, క్యాలెండరు పెట్టుకుని ఎదురుచూడకండి. మనసు నొచ్చిన రోజు మూడు గడులు గీయండి: ఏం జరిగింది, నేనేమనుకున్నాను, ఇంకేం కారణం ఉండొచ్చు. మూడో గడి తోచకపోతే అక్కడివాళ్లనే అడగండి. మనవాళ్లంతా చేరి ఆ దేశాన్ని తిట్టుకునే కూటాలకు దూరంగా ఉండండి, చిరాకు ముదిరేది అక్కడే. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి దెబ్బతింటే డాక్టరుకు చూపించుకోండి.