యుద్ధం ఆగిన నగరంలో మొదటి సర్వే ఎలా మొదలుపెట్టాలి?

తార్నాక విద్యార్థిని:
ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) చదువుతున్నాను. సెమినార్‌కి ఇరాక్‌లోని మోసుల్ తీసుకున్నా. 2016 అక్టోబరు నుంచి 2017 జూలై దాకా ఐసిస్ ఉగ్రవాదులతో పోరు నడిచింది, టైగ్రిస్ మీది ఐదు వంతెనలూ దెబ్బతిన్నాయి. అలాంటి చోట జనానికి ఏం కావాలో తేల్చమంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నా ప్రశ్నావళి చాంతాడంత అయింది.

మలక్‌పేట నీళ్ల ఇంజినీరు:
ప్రశ్నావళి పక్కన పెట్టమ్మా, ముందు నల్లా దగ్గర నిలబడు. పదిహేను లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. విపత్తుల్లో సాయం చేసే సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, నల్లాకు 250 మంది అని ఉంటుంది. ఆ 250 ఊరికే వేసిన అంకె కాదు. నిమిషానికి 7.5 లీటర్లు పడితే బకెట్ నిండటానికి రెండు నిమిషాలు, అంటే 250 మందికి ఎనిమిది గంటల పైమాటే. కరెంటు లేక పంపు రెండు గంటలే నడిస్తే? అదే నల్లా 60 మందికే సరి. "నల్లా ఉందా?" అని అడిగితే ఉందనే చెప్తారు. ఆ ఒక్క మాట రిపోర్టులోకెక్కితే పిల్లలు నది నీళ్లే తాగుతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ తర్వాత, లైన్లో లేనివాళ్లెవరో వెతుకు. 2020 అక్టోబరు వరదలప్పుడు మా వైపు నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు గేటు దగ్గర ఓనర్‌తో మాట్లాడి వెళ్లిపోయారు. కింద సెల్లార్‌లో అద్దెకున్నవాళ్ల బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ బురదలోనే ఉన్నాయి. వాళ్లను పలకరించిన దిక్కు లేదు.

సికింద్రాబాద్ మాజీ సైనికుడు:
అన్నగారి మాటకు ఒకటి కలుపుతా. పడమటి మోసుల్ శిథిలాల్లో పేలని గుండ్లు, ఇళ్లలో ఐసిస్ అమర్చి వెళ్లిన బాంబులు ఉండేవి. తలుపు తీసినా ప్రమాదమే. బాంబులు తీసేవాళ్లు సరేనన్న వీధిలోకే సర్వే మనిషి అడుగు పెట్టాలి. మిగతా వీధులను "చూడలేదు" అని రాయాలి, "అవసరం లేదు" అని కాదు.

తార్నాక విద్యార్థిని:
ఇంటి పెద్ద పేరు రాసుకోవాలా అన్నా?

మలక్‌పేట నీళ్ల ఇంజినీరు:
వద్దే వద్దు. ఐసిస్‌తో చుట్టరికం ఉందన్న అనుమానంతోనే అక్కడ ఎన్నో కుటుంబాలకు గుర్తింపు కాగితాలు దొరకలేదు. నీ జాబితా ఎవరి చేతికి చిక్కినా ముప్పే. మనుషులెందరు, వయసులు, ఆడా మగా, మంచాన పడ్డవాళ్లున్నారా, అంతవరకే. మరుగుదొడ్డి సంగతులు ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి, మగవాళ్లు పక్కన లేకుండా.

ట్యాంకర్ వచ్చే బస్తీకి ఒకసారి వెళ్లి బకెట్ లెక్క చేసి చూడు. ఆదివారమైతే నేనూ వస్తాను.