ఒక్క పుస్తకమే కొనాలంటే కోడింగుదా, ప్రైవసీదా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
ట్యూషన్ సెంటర్‌కి పైథాన్‌లో యాప్ రాస్తున్నాను. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు అందులో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ డిజైన్ పుస్తకం ఒకటి, డిజిటల్ ప్రైవసీ పుస్తకం ఒకటి చూసి పెట్టుకున్నాను. ఈ నెల ఒక్కటే కొనగలను. ఏది ముందు అన్నా?

బరంపురం:
పిల్లల వివరాలు దాస్తున్నావు కాబట్టి ప్రైవసీదే తమ్ముడూ. కొనేముందు పాస్‌వర్డ్‌ల అధ్యాయం తిరగేయ్. పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి దాచడానికి (హ్యాషింగ్) ఎండీ5 గానీ, ఉత్త షా-256 గానీ చాలని రాసి ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయ్. అవి మరీ వేగంగా లెక్కయిపోతాయి. డేటాబేస్ చేజారిందంటే ఒక్క గ్రాఫిక్స్ కార్డు సెకనుకు కోట్ల పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తుంది. కావాలనే నెమ్మదిగా, ఎక్కువ మెమరీ తినేలా చేసిన హ్యాషింగ్ పద్ధతి ఆర్గాన్2ఐడీ గురించి ఉండాలి: కనీసం 19 ఎంఐబీ (మెబిబైట్ల) మెమరీ, 2 ఆవృత్తులు. ఇంటర్నెట్‌లో వెళ్లే డేటాకి తాళం వేసే టీఎల్ఎస్ పద్ధతిలో 1.3 వెర్షన్ వచ్చింది 2018లో. ఆ ఊసే లేకపోతే పుస్తకం పాతబడినట్టే.

రాయగడ:
చట్టం సంగతి కూడా చూడండి. చాలా పుస్తకాలు ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ చుట్టూనే తిరుగుతాయి. అక్కడ తమ డేటా వాడకానికి పిల్లలే సమ్మతి ఇవ్వడానికి వయసు హద్దు 16, దేశాలు 13 దాకా తగ్గించుకోవచ్చు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ (డీపీడీపీ) చట్టంలో 18 లోపు అందరూ పిల్లలే. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులు 2025 నియమాల్లో ఉన్నాయి, అవి విడిగా చదవాలి.

సిరొంచ:
నా ఓటు డిజైన్ పుస్తకానికి. పాస్‌వర్డ్‌ల సంగతంతా సాఫ్ట్‌వేర్ భద్రత సంస్థ ఓవాస్ప్ చీట్‌షీట్లలో ఉచితంగా దొరుకుతుంది. డేటా బయటపడేది ఎక్కువగా కోడ్ అలవాట్ల వల్లే: ఎస్‌క్యూఎల్‌ని (డేటాబేస్‌ని అడిగే భాష) స్ట్రింగులు అతికించి రాయడం, ఫోన్ నంబర్లు యాప్ పనుల చిట్టా అయిన లాగ్ ఫైల్లో పడటం, డేటాబేస్‌లో ఒకరి వరుస తీసేసినా పాత బ్యాకప్‌లో మిగిలిపోవడం. పుట్టిన తేదీ అవసరం లేకపోతే ఆ గడే పెట్టకు.