లిబ్రేఆఫీస్‌లో తెలుగు అక్షరం సైజు మారట్లేదు, సాయం చేయండి

రాజోలు మాస్టారు:
నమస్కారమండీ. బడి కంప్యూటర్లో విండోస్ బదులు ఉబుంటు ఉంది, ప్రశ్నపత్రాలు వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్ రైటర్‌లో చేస్తాను. పేరా స్టైల్‌లో (పేరాల రూపం ఒకేచోట పెట్టుకునే సెట్టింగ్) సైజు 14 పెడితే ఇంగ్లీషు మాటలు పెరిగాయి, తెలుగు 12 దగ్గరే ఆగిపోయింది. ఫాంట్ మార్చినా అంతే. ఇంకో బాధ కూడా ఉంది. ‘గోదావరి పాయలు’ అని కొట్టాక, చివరి మాట కింద గీత ఉండగానే మౌస్‌తో వేరేచోట నొక్కితే ‘పాయలు’ మాయమవుతోంది. నిన్న రాత్రి ఒకే ప్రశ్న నాలుగుసార్లు కొట్టాను. ఎల్లుండే పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

పాలకొల్లు, జిరాక్స్ షాపు:
మాస్టారూ, మీ తప్పేం లేదండి. లిబ్రేఆఫీస్ ప్రతి స్టైల్‌లోనూ మూడు ఫాంట్లు పెట్టుకుంటుంది. ఇంగ్లీషుకి ఒకటి, చైనా, జపాన్ లిపులకి ఒకటి, ఒత్తులూ గుణింతాలూ ఉన్న మనలాంటి లిపులకి ఒకటి. మీరు మార్చింది ఇంగ్లీషుది. మనది అసలు కనబడదు. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి టిక్ పెట్టండి. మళ్లీ ఆ స్టైల్ తెరిస్తే తెలుగుకి వేరే గడి వస్తుంది. అక్కడ పోతన ఫాంటు గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ ఎంచుకుని 14 ఇవ్వండి. ఈ ఒక్క టిక్కు తెలియక ఒక శుభలేఖతో నేను రెండు రోజులు కుస్తీ పట్టాను.

మాట మాయమయ్యేది ఐబస్ దగ్గర, అంటే ఉబుంటులో తెలుగు టైపింగ్ నడిపే ప్రోగ్రాం దగ్గర. గీత ఉన్నంతసేపూ ఆ మాట ఇంకా ఫైల్లోకి చేరలేదన్నమాట. మౌస్ ముట్టుకునే ముందు స్పేస్ కొట్టండి. ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో మీటకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే కీబోర్డ్ పద్ధతి) వచ్చినవాళ్లకి ఈ గొడవే ఉండదు. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద మామూలు ‘తెలుగు’ లేఅవుట్ చేర్చుకుంటే అక్షరం నేరుగా పడుతుంది.

రాజోలు మాస్టారు:
సైజు కుదిరిందండీ, చాలా సంతోషం! కానీ పాత పేపర్లలో కొన్ని పేరాలు స్టైల్ మాట వినట్లేదు.

పాలకొల్లు, జిరాక్స్ షాపు:
అక్కడ ఎప్పుడో చేత్తో సైజు మార్చి ఉంటారు. ఆ పేరా సెలెక్ట్ చేసి కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కండి. బోల్డ్ కూడా పోతుంది, శీర్షికలు చూసుకోండి.

అమలాపురం, ఇంజనీరింగ్ విద్యార్థిని:
మాస్టారూ, ఆ మాట మాయమయ్యే సంగతి బగ్‌జిల్లాలో, అంటే లిబ్రేఆఫీస్ లోపాలు నమోదుచేసే సైట్‌లో రాయండి, ఎవరైనా రాయొచ్చు. ఉబుంటు వెర్షనూ, హెల్ప్‌లో అబౌట్ దగ్గర కనబడే లిబ్రేఆఫీస్ వెర్షనూ ఇవ్వండి. ఏం కొట్టారో, ఎక్కడ నొక్కారో వరసగా చెప్పండి. పేపరంతా పంపకండి, ‘గోదావరి పాయలు’ ఒక్కటే ఉన్న ఫైల్ చాలు. తెలుగులో టైప్ చేసేవాళ్లం చెప్పకపోతే బాగుచేసేవాళ్లకి ఇది కనబడదండి. ఇంగ్లీషులో రాయడానికి ఇబ్బందైతే ఇక్కడ తెలుగులో పెట్టండి, ఈ సాయంత్రమే నేను మార్చి ఇస్తాను.