హనుమకొండలో పాత ఇల్లు అమ్మాలంటే మధ్యవర్తిని ఎలా ఎంచుకోవాలి?

గోపాల్‌పూర్_గడప:
గోపాల్‌పూర్‌లో మా నాన్నగారు కట్టించిన ఇంటిని అమ్మాలని నిర్ణయించుకున్నాము. స్థలం రెండు వందల గజాలు, ఇల్లు కట్టి పాతికేళ్లు దాటాయి. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నందున వచ్చినవారికల్లా ఇల్లు చూపించడం సాధ్యం కాదు కాబట్టి మధ్యవర్తి తప్పనిసరి. ముగ్గురితో మాట్లాడితే మూడు ధరలు చెప్పారు, వాటి మధ్య తేడా కూడా చిన్నది కాదు. అందరికంటే ఎక్కువ చెప్పిన వ్యక్తికే అప్పగించమని మా బావగారు అంటున్నారు కానీ నాకు అనుమానంగా ఉంది. ఇటీవల మన వైపు ఇళ్లు అమ్మినవారు తమ అనుభవం చెప్పగలరా?

సుబేదారి_పెన్షనర్:
మీ అనుమానంలో అర్థం ఉంది. ఇంటిని తన చేతికి తెచ్చుకోవడానికి కొందరు మధ్యవర్తులు వేసే మొదటి ఎత్తే ఎక్కువ ధర చెప్పడం. తాళంచెవి అందాక కొన్నాళ్లు ఎవరో ఒకరిని తీసుకొచ్చి చూపిస్తారు, ఆపైన బేరాలు లేవనీ, మూఢం వచ్చిందనీ, ఆషాఢంలో ఎవరూ కొనరనీ చెబుతూ ధరను మెల్లగా దించుతారు. ఈలోగా ఆ ఇల్లు పోవడం లేదన్న సంగతి వాడంతా తెలిసిపోయి, వచ్చేవారు మరింత తక్కువకు అడుగుతారు.

అందువల్ల ఎంత వస్తుందని కాకుండా, ఆ లెక్క ఎలా వేశారని అడగండి. పాత ఇంటి ధరలో గజం లెక్కన స్థలం విలువ ఒకటి, చదరపు అడుగు లెక్కన కట్టడం విలువ ఒకటి ఉంటాయి. పాతికేళ్ల ఇంటిని చాలామంది కూల్చి కట్టుకునే ఉద్దేశంతోనే చూస్తారు, వారి దృష్టిలో కట్టడానికి విలువ నామమాత్రమే. ఈ రెండింటినీ విడదీసి చెప్పలేని వ్యక్తి ఇంటిని చూసి కాదు, మీ ముఖం చూసి ధర చెబుతున్నట్టు. ఊరికి ఆ చివరన ఉన్న మామునూరు విమానాశ్రయం పేరు చెప్పి గోపాల్‌పూర్ గజాన్ని పెంచేవారి మాటలు నేనైతే అక్కడితోనే ఆపేస్తాను.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. మీ వీధిలోనో పక్క వీధిలోనో తాను అమ్మించిన ఇంటిని చూపించమనండి. ఆ అమ్మకం నిజంగా జరిగిందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీసి చూడవచ్చు, 1983 నుంచి నమోదైన వివరాలు అక్కడ దొరుకుతాయి. అయితే దస్తావేజులో కనిపించే మొత్తం చాలాసార్లు ప్రభుత్వం నిర్ణయించిన విలువకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దానినే అసలు బేరం ధర అనుకోకూడదు. ఎప్పుడు అమ్ముడైందన్నది మాత్రం తేలిపోతుంది.

కాజీపేట_జంక్షన్:
ధర కంటే ముందు మార్జిన్ సంగతి తేల్చుకోండి. మా ఇల్లు అమ్మేటప్పుడు మొదట వచ్చిన వ్యక్తి కమీషన్ అసలు వద్దన్నాడు. మాకు కావలసిన మొత్తం చెబితే చాలునని, ఆపైన ఎంత వచ్చినా తనదేనని చెప్పాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ క్షణం నుంచి అతడు మన తరఫు మనిషి కాదు, మన దగ్గర చవకగా తీసుకుని ఇంకొకరికి ఎక్కువకు అమ్ముకునే వ్యాపారి. కొద్దిపాటి బయానా ఇచ్చి, ఒప్పంద పత్రం తన పేరున రాయించుకుని, గడువు లోపల మూడో మనిషికి తిప్పేయాలన్నదే ఆలోచన. కొనేవారు దొరకకపోతే గడువు పెంచమంటాడు, అంతవరకూ ఇల్లు ఆ కాగితానికి కట్టుబడి ఉంటుంది.

మేము అతడిని వదిలేసి, కమీషన్ ఇంతని ముందే చెప్పినవారికి అప్పగించాము. బయానా తీసుకునే రోజున కొనేవారూ మేమూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని షరతు పెట్టాము. దానికి అడ్డుచెప్పని మధ్యవర్తి దగ్గర దాచవలసినది సాధారణంగా ఉండదు.

భీమారం_పాఠకుడు:
రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదైన ఏజెంటు అయితేనే అమ్మించే హక్కు ఉంటుందని విన్నాను. అది నిజమేనా?

నక్కలగుట్ట_వకీలు:
మీరు విన్నదానిలో సగమే నిజం. 2016 నాటి రెరా చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, నమోదైన ప్రాజెక్టులో ప్రమోటరు (ప్రాజెక్టు చేపట్టి అమ్మేవారు) అమ్మే స్థలాలనూ ఫ్లాట్లనూ అమ్మించే ఏజెంటు రెరాలో నమోదు కావాలి. గోపాల్‌పూర్ వారి ఇల్లు వంటి సొంత పాత ఇంటి అమ్మకానికి ఆ నిబంధన వర్తించదు. తెలంగాణ రెరా నంబరు ఉంటే ఆ వ్యక్తికి ఒక చిరునామా, ఒక రికార్డు ఉన్నాయని అర్థం. అది మంచిదే, కానీ ఆ నంబరు ఒక్కటే చూసి అప్పగించవద్దు.

కాజీపేట వారు చెప్పిన మార్జిన్ విషయంలో పాత చట్టమే అండగా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 215, 216 సెక్షన్ల ప్రకారం, యజమాని తరఫున పనిచేసే ఏజెంటు ఆయనకు తెలియకుండా అదే వ్యవహారంలో తన సొంత లాభం చూసుకుంటే, ఆ లాభాన్ని యజమాని అడిగి రాబట్టుకోవచ్చు, తగిన పరిస్థితుల్లో ఆ లావాదేవీనే నిరాకరించవచ్చు. అయితే అతడు మీ ఏజెంటు అని చూపించే కాగితం ఉండాలి. ఒక పేజీ చాలు: కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, ఎంతకాలం, ధరలో మార్జిన్ ఉండకూడదు. ఈ కాగితం మీద సంతకం పెట్టడానికి వెనుకాడే వ్యక్తిని మీరు ఇంకేమీ అడగనక్కరలేదు.

రంగశాయిపేట_రమ:
ఒక్కరికే అప్పగించాలా, పదిమందికి చెప్పాలా అన్న దానిపై ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. మా అత్తగారింటి విషయంలో మేము అందరికీ చెప్పాము, ఫలితంగా ఒకే కుటుంబాన్ని ఇద్దరు మధ్యవర్తులు వేర్వేరు రోజుల్లో తీసుకువచ్చారు. బేరం కుదిరాక ఇద్దరూ కమీషన్ తమదేనన్నారు. ఒకే ఇంటికి వాట్సాప్ గ్రూపుల్లో మూడు ధరలు తిరగడం దానికి అదనం. కొనేవారు సహజంగానే అన్నిటికంటే తక్కువ ధరను పట్టుకుని కూర్చున్నారు.

ఒక్కరికే ఇవ్వడమూ కొంత ప్రమాదమే, ఎందుకంటే పోటీ లేనప్పుడు కొందరు పని మీద శ్రద్ధ పెట్టరు. మూడు నెలల గడువుతో ఒకరికి ఇచ్చి, ఎవరెవరు వచ్చి చూశారో తేదీతో సహా వారం వారం పంపించమని అడగడం మంచిదని నా అభిప్రాయం. గడువు తీరాక ఆ జాబితాలో ఉన్నవారు కొంటేనే పాత మధ్యవర్తికి కమీషన్ ఇస్తామని కూడా రాసుకోవాలి.

కరీంనగర్_కూతురు:
మా నాన్నగారు పోయాక ఇల్లు అమ్మవలసి వచ్చినప్పుడు అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. చాలామంది మధ్యవర్తులు వచ్చీరాగానే ఎంతకు ఇస్తారని అడిగారు. ఒకాయన మాత్రం ముందు కాగితాలు చూపించమన్నారు. లింకు దస్తావేజులు (పాత యజమానుల నాటివి), ఈసీ, ఇంటి అనుమతి పత్రం, ఇంటి పన్ను రసీదు, నల్లా బిల్లు అన్నీ వరుసగా చూసి, ఇంటి పన్ను ఇంకా నాన్నగారి పేరునే ఉందనీ, వారసులందరి సంతకాలూ కావాలనీ, దూరంగా ఉన్న మా తమ్ముడి అంగీకారం ముందే తీసుకోవాలనీ చెప్పారు. బయానా తీసుకున్నాక ఇవి బయటపడి ఉంటే కొనేవారు భయపడి వెనక్కి పోయేవారు. ఆయననే ఎంచుకున్నాము.

ఆయన ముందుగా ఫోన్ చేయకుండా ఎవరినీ ఇంటికి తీసుకురాలేదన్నది నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో దీనిని చిన్న విషయంగా చూడకండి.

హంటర్‌రోడ్డు_నివాసి:
మా వైపు కొనేవారు అందరూ నీళ్ల గురించే అడుగుతారు. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి వరదనీరు వచ్చిన సంగతి అందరికీ గుర్తుంది. నేను మాట్లాడిన ఒక ఏజెంటు గోడ మీది నీటి మరకలు కనబడకుండా సున్నం వేయించి, అడిగితే ఇక్కడికి నీళ్లు రాలేదని చెప్పమన్నాడు. రెండో ఏజెంటు నీరు గడప దాకా వచ్చి ఆగిందని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ మేరకు ధర నిర్ణయించి, వంద గజాల అవతల ఇంట్లోకి ఎంత ఎత్తు నీరు వచ్చిందో కూడా వివరించాడు. ఆ వాడ గురించి అంత తెలిసిన వ్యక్తి మాట కొనేవారు నమ్మారు. నిజం దాచిన ఇంటికి పక్కింటివారే మొదటి సాక్షులు కదా! ఖాళీ స్థలం అమ్మేవారికైతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని స్థలాల క్రమబద్ధీకరణ) విషయంలోనూ ఇదే వర్తిస్తుంది, రుసుము కట్టకుండా కట్టామని చెబితే దాగదు.

గోపాల్‌పూర్_గడప:
అందరికీ ధన్యవాదాలు. ముగ్గురినీ మళ్లీ పిలిచి స్థలం, కట్టడం లెక్క వేరువేరుగా అడిగాను. మధ్య ధర చెప్పినాయన ఒక్కరే వెంటనే కాగితం మీద వేసి చూపించారు. అయితే ఆయన రెండు కోరికలు పెట్టారు: బయానా రోజునే కమీషన్ మొత్తం ఇవ్వాలట, నేను దూరంగా ఉన్నందున తన పేరున జీపీఏ (నా తరఫున సంతకం చేసే అధికార పత్రం) రాస్తే పని సులువవుతుందట. వీటికి ఒప్పుకోవచ్చా?

నక్కలగుట్ట_వకీలు:
జీపీఏ వద్దు. అమ్మే అధికారాన్ని అమ్మించే మనిషికే రాసి ఇస్తే ధర మీద మీ పట్టు పోతుంది. అంత అవసరమైతే మీ బావగారి వంటి దగ్గరివారి పేరున, ఈ ఒక్క ఇంటికే పరిమితం చేసి, రిజిస్టరు చేయించండి. ఇల్లు చూపించడానికి తాళంచెవి చాలు. కాగితాల జిరాక్సులు ఇచ్చేటప్పుడు ప్రతి పేజీ మీద అడ్డంగా పరిశీలన కోసం మాత్రమే అని రాసి ఇవ్వండి.

కమీషన్ విషయానికి వస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం చెల్లించాలని కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ చెబుతుంది. బయానా నాడు కొంత, రిజిస్ట్రేషన్ నాడు మిగిలినది ఇవ్వడం మన ఊళ్లో చెల్లుబాటయ్యే పద్ధతే. మొదటి భాగం చిన్నదిగా ఉంచుకోండి. సగం మొత్తం నగదుగా తీసుకుందామని ఆయన సలహా ఇస్తే మాత్రం వినకండి, స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు. ధర యాభై లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు ఒక శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే పన్ను) కోసి మీ పాన్ మీద జమ చేయాలి. అందుకే చేతికి వచ్చే చెక్కు మొత్తం బేరం ధర కంటే కొంత తగ్గుతుంది, ఆ కోత చూసి మధ్యవర్తిని అనుమానించకండి.